పంతొమ్మిదో పాయలో ఏముంది

ఆఫీసు, మూడో అంతస్తు, కిటికీ పక్క బల్ల
జూన్ 3

మావయ్యకి,

ఫోన్లో నేను అరిస్తే పక్క బల్లవాళ్లకి వినపడుతోంది గానీ నీకు వినపడటం లేదు. ముప్ఫై ఏళ్లు ఆ పంపుల హోరు పక్కన నిలబడితే చెవులు ఉంటాయా? అందుకే ఉత్తరం. నవ్వకు, నా దస్తూరి ఇప్పటికీ కోడిగీతలే.

నీతో నాకో పని పడింది. నేను కంప్యూటర్లో బొమ్మలు వేస్తానని అమ్మ అందరికీ చెబుతుంటుంది. కొంచెం సరిచేస్తాను. మేం తయారుచేసే ఆటలో ఒక పెద్ద దేశం ఉంటుంది. అడవులు, కొండలు, ఊళ్లు. ఆడేవాళ్లు కత్తి పట్టుకుని ఎటు కావాలంటే అటు తిరగొచ్చు, ఎవరూ ఆపరు. ఆ దేశంలో అక్కడక్కడా నేలకింద గుహలుంటాయి. లోపల చీకటి, చిక్కుదారులు, దయ్యాలు, చివర్లో ఒక పెట్టె, పెట్టెనిండా బంగారం. మావాళ్లు వీటిని డంజన్లంటారు. అందులో ఒకటి మొత్తంగా నాది. నాలుగేళ్లు గడ్డీ రాళ్లూ వేశాక మొదటిసారి నాకంటూ ఇచ్చిన గుహ.

అది ఎవరికీ నచ్చలేదు మావయ్యా.

బయటివాళ్లని పిలిచి ఆడించి చూస్తాం మేము. వాళ్లు లోపలికి వెళ్తారు, దయ్యాలని కొడతారు, పెట్టె తెరుస్తారు, ఉన్నది తీసుకుని వచ్చిన దారినే నడుచుకుంటూ బయటికొస్తారు. ఒకావిడ తిరిగొచ్చేటప్పుడు ఒక చేత్తో బిస్కెట్లు తింటూ నడిచింది. వెనకాల నిలబడి చూస్తున్న నాకు ఒళ్లు మండిపోయింది, ఏడుపూ వచ్చింది. మా పెద్దాయన, అంటే మా జట్టుకి పై అధికారి, మనిషి మంచివాడే గానీ మొహమాటం లేనివాడు, తేల్చి చెప్పేశాడు. సెప్టెంబరు ఇరవైన పన్నెండు మంది కొత్తవాళ్లు వస్తారు. "ఇటు వెళ్లు" అని ఇప్పుడున్న బాణం గుర్తులు ఇక ఎక్కడా ఉండకూడదు. పన్నెండు మందిలో ఆరుగురైనా తమంతట తాము గుహ అట్టడుగు దాకా వెళ్లాలి. లేదంటే గుహని పూడ్చేస్తారు, నేను మళ్లీ గడ్డి వేసుకుంటూ కూర్చోవాలి.

నువ్వు ముప్ఫై ఒక్క ఏళ్లు ఊరికింద నీటి సొరంగాలు తనిఖీ చేశావు. కనపడిన ప్రతి బొరియలోకీ దూరావు. నిన్ను లోపలికి లాగింది ఏమిటి? జీతం అని మాత్రం అనకు.

నీ మేనకోడలు


ఇల్లు, వెనక వరండా
జూన్ 11

కోడలు పిల్లా,

జీతం.

సరే, అనొద్దన్నావు గనక ఇంకాస్త రాస్తాను. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, నాకొకటి అర్థం కాలేదు. ఆ గుహ ఎవరు తవ్వారు? ఎందుకు తవ్వారు? దయ్యాలు కాపురం ఉండటానికి ఎవరూ తవ్వరు కదా. పెట్టె దాచుకోవడానికంటావా, దానికి మంచం కింద చాలు. మనిషన్నవాడు ఊరికే చేతులు బొబ్బలెక్కేలా రాయి కొట్టడు. మా సొరంగంలో ప్రతి మలుపుకీ కారణం ఉండేది. ఇక్కడ మెత్తటి మట్టి తగిలింది, పక్కకి తిరిగారు. ఇక్కడ నీటి వేగం తగ్గాలి, వెడల్పు చేశారు. ఏదైనా మలుపుకి కారణం దొరికిన రోజు నాకు ఆకలి కూడా తెలిసేది కాదు.

ఇక వచ్చిన దారినే తిరిగి నడిపించడం ఏమిటి? ఛ ఛ. మాకో కట్టుబాటు ఉండేది: దిగిన మ్యాన్‌హోల్ మూతలోంచి పైకి రాకూడదు. వచ్చిన దారిలో మళ్లీ నడిస్తే కళ్లు బద్ధకిస్తాయి, ఎదురుగా పగులు ఉన్నా ఆనదు. అందుకని ఒకచోట దిగి మరోచోట తేలేవాళ్లం. ఉద్యోగంలో చేరిన మొదటి వారం, మూడు గంటలు చీకట్లో నడిచి నడిచి, భూమికి అటు చివరికి వచ్చేశాననుకున్నాను. తల మీద మూత పైకి తోసి చూద్దును కదా, మా వీధే! మా మంగలి కొట్టు ముందు తేలాను. ఆయన కత్తి చేతిలో పట్టుకుని నోరు తెరిచాడు, కుర్చీలో ఉన్నాయనకి సగం గడ్డం మిగిలిపోయింది. నా వీధి కింద ఇంకో వీధి ఉందని ఆరోజే నాకు తెలిసింది. వారం రోజులపాటు కనపడినవాడికల్లా చెప్పాను.

బిస్కెట్లు తిన్నావిడ తప్పేం లేదు. ఆ నడకలో నేనైనా తినేవాణ్ణి.

మావయ్య


ఆఫీసు, అదే బల్ల
జూలై 2

మావయ్యా,

నీ ఉత్తరం మా గోడకి అంటించాను. "దయ్యాలు కాపురం ఉండటానికి" అన్నచోట అందరూ కడుపుబ్బ నవ్వారు.

దయ్యాలని సగానికి సగం తీసేశాను. నా గుహని ఇప్పుడు కరువుకి జడిసిన జనం తవ్వారు, కొండలోని నీళ్లని ఊరి కిందికి తెచ్చుకోవడానికి. అట్టడుగున ఒక పెద్ద నీటి తొట్టి. అక్కణ్ణించి పైకెక్కి మూత తోస్తే, ఆట మొదలయ్యే ఊళ్లోనే, కుమ్మరి పెరట్లో తేలతారు. మా జట్టులో మాటలు రాసే అతన్ని ఆడమన్నాను. పెరట్లో తేలగానే "ఓరి, ఇది మన ఊరే!" అని కుర్చీలోంచి లేచిపోయాడు. నువ్వు గుర్తొచ్చావు.

కానీ మధ్యలో మాత్రం ఇంకా జారిపోతున్నారు. బాణం లేదు కదా, నాలుగు దారులు కలిసేచోట నిలబడి, బుర్ర గోక్కుని, వెనక్కి వెళ్లిపోతున్నారు. నీకు నేలకింద దొరికినవాటిలో అన్నిటికంటే గొప్పది ఏమిటో చెప్పు, ఏమైనా తడుతుందేమో చూస్తాను. అమ్మనడిగితే ఒక సంగతి చెప్పింది. రిటైరయ్యే వారంలో ఒకరోజు బాగా ఆలస్యంగా ఇంటికొచ్చావట, రెండు రోజులు ఎవరితోనూ పలకలేదట. "వాణ్ణి కదపకు" అంది. నేను కదుపుతున్నాను.

నీ మేనకోడలు


ఇల్లు, వెనక వరండా
జూలై 14

కోడలు పిల్లా,

నువ్వు పంపిన ఆటని పైవాటాలో ఉండే రేడియో రిపేరు మేడం నా కోసం తన కంప్యూటర్లో ఎక్కించింది. రోజూ టీ వేళకి వెళ్లి ఓ గంట ఆడుతున్నాను. పదకొండుసార్లు చచ్చాను. అందులో ఏడుసార్లు ఒకే ఎలుక చేతిలో. మేడం నా వెనక నిలబడి "కత్తి తీయండి బాబాయ్, కత్తి!" అని అరుస్తుంది. కత్తి తీసేలోపు కాగడా ఆరిపోతుంది.

నాకొచ్చిన విద్య గోడలు చూడటం గనక గోడలు చూశాను. బానే కట్టావు. కానీ మూడో గదిలో నీళ్లు పైకి పారుతున్నాయి. నిజం. మెట్ల మీద కాలవ చూడు, పల్లం నుంచి ఎత్తుకి పోతోంది. నీ కరువు జనం ఇంత కష్టపడి తవ్వి, నీళ్లని వెనక్కి కొండలోకి పంపిస్తున్నారా? దారి తెలియక జనం వెనక్కి పోతున్నారని రాశావు. పోరా మరి? నేలకింద మాకు దారి చూపించేది నీళ్లే. చీకట్లో నిలబడి, చప్పుడు ఎటు వినపడితే అటు.

దొరికిన గొప్పవి అంటావా. తాపీమేస్త్రీ అరచెయ్యి గుర్తు ఒకటి, తడి సున్నంలో నొక్కినది, ఆరు వేళ్లు. గోడలో ఇరుక్కుపోయిన గరిటె. ఎవరు, ఏ కోపంలో విసిరారో. ఇద్దరు కూర్చునేలా తొలిచిన రాతి అరుగు, ఒకవైపు బాగా అరిగి, ఇంకోవైపు కొత్తగా ఉంది. ఇవన్నీ వెతకనివే, పని మీద వెళ్తుంటే తగిలినవే.

మీ అమ్మకి పాత సంగతులు తవ్వడం సరదా.

మావయ్య


ఆఫీసు, అదే బల్ల
ఆగస్టు 1

మావయ్యా,

నీళ్లు చూడగానే నా తల తిరిగింది. నెల రోజులుగా పదిమందిమి ఆ గదిలో అటూ ఇటూ నడిచాం, ఒక్కరమూ చూడలేదు! సరిచేశాను. నాలుగు దారుల దగ్గర ఇప్పుడు నీటి చప్పుడు ఒక్క దారిలోంచే వస్తుంది. నిన్న ముగ్గురితో ఆడించాం. ముగ్గురూ ఆగారు, ఒకామె తల ఒక పక్కకి వంచింది, ముగ్గురూ సరైన దారి పట్టుకున్నారు. ఆరువేళ్ల చెయ్యి, గరిటె, అరుగు కూడా పెట్టాను. అరుగు చూసినప్పుడు ఒకతను "రెండోవాడు ఏమయ్యాడు?" అని నన్నడిగాడు. నాకూ తెలియదన్నాను. నాకు నిజంగానే తెలియదు.

అయినా ఏదో తక్కువైంది. ఎవరూ ఒళ్లు మరిచిపోవడం లేదు.

నేనడిగినదానికి మాత్రం నువ్వు నీళ్లు నమిలావు. ఆరోజు ఏమైంది?

నీ మేనకోడలు


ఇల్లు, వరండా కాదు, లోపలి గది
ఆగస్టు 12

కోడలు పిల్లా,

రాస్తాను, ఎవరికీ చెప్పకు.

పెద్ద సొరంగం నుంచి పక్కకి చీలే చిన్న దారిని మేం పాయ అనేవాళ్లం. మాకు ఇరవై మూడు పాయలు. ఏడాదికోసారి ప్రతి పాయలోకీ పోయి, పైకొచ్చాక రిజిస్టర్లో "చూశాను, బాగానే ఉంది" అని రాసి సంతకం పెట్టాలి. పంతొమ్మిదో పాయ నడుమెత్తు కూడా ఉండదు, పాక్కుంటూ పోవాలి. నేను చేరిన ఏడు మా పెద్ద ఇన్‌స్పెక్టరు దాని ముందు ఆగి, "పన్నెండు అడుగులు పోతే గోడ. ఏమీ లేదక్కడ. మోకాళ్లు పాడుచేసుకోకు" అన్నాడు. పెద్దమనిషి మాట. పైకొచ్చి సంతకం పెట్టేశాను. మరుసటి ఏడూ పెట్టాను. అలా ముప్ఫై ఏళ్లు.

రిటైరయ్యే వారంలో పాత రిజిస్టర్లు అప్పగించడానికి దులుపుతూ పేజీలు తిప్పాను. నాకు ముందు మా పెద్దాయన, ఆయనకి ముందు ఇంకొకాయన, ఆపైన మరొకాయన. మిగతా పాయలకి ఒక్కో ఏడు పగులో, తేమో ఏదో ఒకటి రాసి ఉంది; పంతొమ్మిదోదానికి మాత్రం నాలుగు దస్తూరీలు, ఒకటే వాక్యం. ఒక్కరైనా ఓ అక్షరం మార్చలేదు. వీళ్లలో ఒక్కరైనా లోపలికి వెళ్లారా?

మర్నాడు వెళ్లాను. నడుముకి తాడు కట్టుకుని, తాడు రెండో కొస బయట నాతో దిగే జోడీ చేతికిచ్చి. పన్నెండు అడుగుల దగ్గర గోడ లేదు. నలభై అడుగులు పాకాను. అక్కడ దారి కుడికి తిరిగింది. ఆ మలుపులోకి తల పెడితే మొహానికి గాలి తగిలింది. నేలకింద గాలంటే నీకు తెలియదు, అవతల ఏదో పెద్దది ఉందని అర్థం. అప్పుడే మూడు ఈలలు వినపడ్డాయి. మూడు ఈలలంటే ఎదురు మాట్లాడకుండా వెనక్కి రావాలి. పైన వాన మొదలైందట. వచ్చేశాను.

"ఏముంది?" అన్నాడు జోడీ. "గోడ" అన్నాను. ఎందుకన్నానో చెబుతాను. నిజం చెబితే నా ముప్ఫై సంతకాలూ అబద్ధాలవుతాయి. ముప్ఫై ఒకటోది కూడా అలాగే పెట్టి, పార్కులో బెంచీ మీద చీకటి పడేదాకా కూర్చుని, ఇంటికొచ్చి పడుకున్నాను.

ఎనిమిదేళ్లయింది. ఆ మలుపు అవతల ఏముందో నాకు తెలియదు. తెలియకుండానే పోతానేమోనని దిగులు. అంతే.

మావయ్య


ఆఫీసు, అదే బల్ల
ఆగస్టు 19

మావయ్యా,

ముందు తిట్టు, తర్వాత చదువు. నేను ఎవరికీ చెప్పలేదు, కానీ ఆటలో పెట్టేశాను.

నీ ఉత్తరం చదివాక చేతులు ఆగలేదు. నా గుహలో ఒక పక్కన, నడుమెత్తు కూడా లేని ఒక పాయ. దాని ముందు కాపలావాళ్ల పుస్తకం. నాలుగు దస్తూరీల్లో ఒకటే వాక్యం: "చూశాను, ఏమీ లేదు." అంతే. లోపల బంగారం ఉందని ఎవరూ చెప్పరు, వెళ్లమని ఎవరూ అడగరు. మాటలు రాసే అతను మూడు పేజీలు తిప్పి ఆగాడు. నాలుగోది తిప్పాడు. "వీళ్లెవరూ లోపలికి వెళ్లలేదు!" అని అరిచి, కాగడా కూడా తీసుకోకుండా దూరిపోయాడు. నా గుహలో ఇంతవరకు ఒక్కరూ అలా దూరలేదు మావయ్యా. చివర ఏమీ కట్టలేదింకా, మలుపు దగ్గర నల్లగా ఆగిపోయింది. అక్కడే నిలబడి, "అవతల ఏముంది, చెప్పవే" అని నా ప్రాణం తీశాడు.

పేరు లేదు, ఊరు లేదు. ఉంచనా?

నీ మేనకోడలు


ఇల్లు
ఆగస్టు 25

తీసెయ్.

ఎవరికీ చెప్పకన్నాను. నువ్వు అందరూ ఆడుకునేలా చేశావు. మా ఆఫీసువాళ్ల పిల్లలు ఆడరా? "ఈ పుస్తకం మన రిజిస్టర్లా ఉందే" అనడానికి వాళ్లకెంతసేపు? నిన్ను నమ్మి రాసినందుకు నన్ను నేనే అనుకోవాలి.

ఇంకా రాస్తే తిట్లొస్తాయి.

మావయ్య


ఆఫీసు, అదే బల్ల
ఆగస్టు 30

మావయ్యా,

తీసేశాను. పాయ మూసేసి మామూలు గోడ కట్టాను, పుస్తకం చెరిపేశాను. అడక్కుండా చేయడం నా తప్పు. పప్పులో కాలేశానని కూడా అనను, తెలిసే వేశాను.

నాకూ కోపం వచ్చిందని చెప్పాలి. నీ మీద కాదు, ఆ మొదటి పెద్దమనిషి మీద. "మోకాళ్లు పాడుచేసుకోకు" అని ప్రేమగా చెప్పి అందరినీ ఆపేశాడు. గుహ ఇప్పుడు ఫర్వాలేదు. నీటి చప్పుడుంది, పెరడుంది. ఇరవయ్యో తేదీన ఆరుగురు వెళ్తారో లేదో చూడాలి. మళ్లీ అడగను. నీ మోకాలి నొప్పి ఎలా ఉందో మాత్రం రాయి.

నీ మేనకోడలు


ఇల్లు, వెనక వరండా
సెప్టెంబరు 12

కోడలు పిల్లా,

మోకాలు వాచింది. ఎందుకు వాచిందో చెబుతాను, కూర్చుని చదువు.

నీ ఉత్తరం వచ్చాక నాలుగు రోజులు అన్నిటికీ విసుక్కుంటూ తిరిగాను. అయిదో రోజు మా పాత ఆఫీసుకి వెళ్లాను. ఇప్పుడున్న ఇన్‌స్పెక్టరమ్మ చిన్నది, ముప్ఫై అయిదు ఉండవు. నన్ను చూసి లేచి నిలబడి కుర్చీ వేసింది. మంచినీళ్లు కూడా తాగకుండా మొత్తం చెప్పేశాను. ఆవిడ లేచి తలుపు మూసింది. అయిపోయింది, పైవాళ్లకి ఫోన్ చేస్తుందనుకున్నాను. బీరువాలోంచి రిజిస్టరు తీసి నా ముందు తెరిచింది. "నేనూ నాలుగేళ్లుగా ఇదే రాస్తున్నాను సార్" అంది. "ఎందుకమ్మా?" అన్నాను. "మీ సంతకం ఉంది కదా అని."

ఎనిమిదేళ్లు నా పరువు గురించి దిగులుపడ్డానే గానీ, నా సంతకం చూసి ఇంకొకరు ఆగిపోయి ఉంటారని ఒక్కసారి కూడా తట్టలేదు.

ఇద్దరం కలిసి కాగితం రాసిచ్చాం: పంతొమ్మిదో పాయ ఇంతవరకు ఎవరూ పూర్తిగా చూడలేదు అని. ఆవిడ పై అధికారి ఒకరోజంతా అరిచి, మర్నాడు అనుమతిచ్చాడు. మంగళవారం, పైన వాన లేని రోజు చూసి దిగాం. ఆవిడ లోపలికి, నేను బయట తాడు పట్టుకుని. అరగంట. తాడు కదిలినప్పుడల్లా నా ప్రాణం లేచొచ్చింది. ఒంటినిండా బురదతో బయటికొచ్చింది, కళ్లు మాత్రం మెరిసిపోతున్నాయి.

"ఏముందమ్మా?"

"చెప్పను సార్. నేను చెబితే ఇది కూడా మీరు విన్నదే అవుతుంది. తాడు నేను పట్టుకుంటాను, మీరు వెళ్లండి."

అరవై ఆరేళ్ల మోకాళ్లు. వెళ్లాను. నలభై అడుగులు, మలుపు, గాలి, ఆపైన ఇరవై ఆరు అడుగులు. తర్వాత నిలబడగలిగాను. గుండ్రటి గది, ఇటుకల గోపురం, మా వరండాకి రెండింతలు. ఏమీ లేదు. ఒక కుండ లేదు, పెంకు లేదు. కిందెక్కడో నీళ్లు పోతున్నాయి. ఎందుకు కట్టారో నాకు అర్థం కాలేదు, ఆఫీసులో ఇంజినీర్లు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నేను మాత్రం అక్కడ పావుగంట కూర్చున్నాను. ఏడ్చాను కూడా, సంతోషంతోనే.

రిజిస్టర్లో ఆవిడ ఈసారి పొడవు, మలుపు, గది కొలతలు అన్నీ రాసింది. నాచేత సాక్షి సంతకం పెట్టించింది.

గోడ పగలగొట్టుకో. పుస్తకం పెట్టుకో. చివర ఏం పెడతావో నీ ఇష్టం. నిన్ను అన్న మాటలు మనసులో పెట్టుకోకు.

మావయ్య


ఆఫీసు, అదే బల్ల
సెప్టెంబరు 24

మావయ్యా,

నీ ఉత్తరం అందేసరికి నాలుగు రోజులే ఉంది. పాయ తిరిగి తెరిచాను, మలుపు తర్వాత నీ గది కట్టాను. గోపురం, కింద నీటి చప్పుడు, అంతే. ఏమీ పెట్టలేదు. "అంతదూరం పాకినవాళ్లు మనల్ని తిట్టుకుంటారు" అని జట్టంతా నా మీద పడింది. తిట్టుకోనీ అన్నాను.

ఇరవయ్యో తేదీన పన్నెండు మంది వచ్చారు. విడతకి నలుగురు, ఒక్కొక్కరికి గంటన్నర. ముగ్గురు మధ్యలోనే వెనక్కి వెళ్లారు. అయిదుగురు అట్టడుగుకి చేరి కుమ్మరి పెరట్లో తేలారు. మిగిలిన నలుగురూ పుస్తకం చదివి పాయలోకి దూరారు, సమయం అయిపోయేదాకా ఆ గదిలోంచి బయటికి రాలేదు. ఆఖరున లేచినావిడ స్కూలు బస్సు డ్రైవరు. ఖాళీ గది మధ్యలో నిలబడి ఇటుకలన్నీ ఒక్కొక్కటిగా చూసింది. "ఏమైనా దొరికిందా అండీ?" అని పెద్దాయన అడిగితే, "ఏమీ లేదండీ. ఇంకో అయిదు నిమిషాలు ఉండనిస్తారా?" అంది.

"అయిదుగురు" అన్నాడు పెద్దాయన నాతో. "ఆరు కావాలన్నాను."

ఆయనే మళ్లీ, "ఒక పని చెయ్. ఆ ఖాళీ గదిలో బంగారం పెట్టె పెట్టు. లెక్క సంగతి మర్చిపోతాను, గుహ ఉంచేద్దాం. అంత కష్టపడి పాకినవాళ్లకి ఏమీ ఇవ్వకపోవడం అన్యాయం కదా" అన్నాడు.

మావయ్యా, సరే అనడానికి నోరు తెరిచాను. నాలుగేళ్ల గడ్డి కళ్లముందు కనపడింది. "పెట్టను సార్" అన్నాను. "పూడ్చేస్తే పూడ్చేయండి." ఆ మాట నా నోట్లోంచే వచ్చిందా అని నాకే అనుమానం వచ్చింది.

ఆయన వెళ్లి ఆ బస్సు డ్రైవరు లేచిన కుర్చీలో కూర్చున్నాడు. ఈ గుహ గురించి ఇన్ని నెలలు మాట్లాడాడే గానీ ఒక్కసారీ లోపలికి వెళ్లి ఎరగడు. మేం భోజనానికి వెళ్లొచ్చేసరికి పుస్తకం ముందున్నాడు. పేజీలు ముందుకి తిప్పాడు, వెనక్కి తిప్పాడు. "ఒక్కడూ వెళ్లలేదన్నమాట" అని గొణుక్కుని దూరాడు. మలుపు దగ్గర ఆగాడు, మళ్లీ పాకాడు. గదిలోకి రాగానే మౌస్ మీంచి చెయ్యి తీసేసి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఎంతసేపని చెప్పను, మేమెవరమూ గడియారం చూడలేదు.

లేచి వెళ్లిపోతూ నా బల్ల దగ్గర ఆగాడు.

"పెట్టె వద్దులే" అన్నాడు. "పెడితే అందరూ పెట్టెనే చూస్తారు."

గుహ ఉంది మావయ్యా.

నీ మేనకోడలు